హార్పర్స్ ఫెర్రీలో బానిసలు కదల్లేదని చెప్పిందెవరు?

ఉత్తర వర్జీనియాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు హార్పర్స్ ఫెర్రీ బాగా తెలిసిన ఊరే. యాష్‌బర్న్ నుంచి గంట ప్రయాణం. సెలవు రోజు పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరి, మేరీలాండ్ హైట్స్ కొండెక్కి, పొటోమాక్, షెనండోవా నదులు కలిసేచోటు వెనకాల కనబడేలా ఫొటో దిగి, చీకటి పడేలోగా ఇల్లు చేరొచ్చు. కిందికి దిగాక దారిలో చిన్న ఇటుకల కట్టడం ఒకటి తగులుతుంది. 1859 అక్టోబరులో, బానిసత్వాన్ని ఆయుధంతో కూల్చాలని దాడికి దిగిన తెల్లవాడు జాన్ బ్రౌన్ తన మనుషులతో ఆఖరిదాకా నిలబడ్డ ఫైరింజన్ గది అదే. దాని గురించి ఎవర్ని అడిగినా, ఏ వీడియో చూసినా చివరికి ఒకే మాట వినిపిస్తుంది: బ్రౌన్ బానిసల్ని విడిపించడానికి ప్రాణాలిచ్చాడు, పాపం ఆ బానిసలే కదల్లేదు.

ఈ మాటకు నూట అరవై ఏళ్ల వయసుంది. ఎవరు చూసి చెప్పారని మాత్రం అడిగేవాళ్లు తక్కువ. అడిగి చూస్తే ఆ సాక్షుల్లో ఒకరు బానిసల యజమాని, ఒకరు యజమానుల నియోజకవర్గానికి కాంగ్రెస్ సభ్యుడు, ఒకరు దాడి మర్నాడు రాత్రి పదకొండింటికి గానీ ఊళ్లో అడుగుపెట్టని సైనికాధికారి. బ్రౌన్ పక్షాన తుపాకీ పట్టి, బతికి బయటపడి, పుస్తకం రాసిన నల్లజాతి సాక్షి ఒక్కడే. అతని మాట ఇందుకు పూర్తిగా విరుద్ధం. అయినా చరిత్ర చాలాకాలం మొదటి ముగ్గుర్నే సాక్షులంది, నాలుగోవాణ్ని ప్రచారకుడంది. ఈ విభజనే తప్పని నా వాదన.

ముందువెనకలు తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం. అక్టోబరు 16, ఆదివారం రాత్రి. మేరీలాండ్ వైపు అయిదు మైళ్ల దూరంలో, ఐజాక్ స్మిత్ అనే మారుపేరుతో అద్దెకు తీసుకున్న కెనెడీ పొలంలో ముగ్గుర్ని కాపలా ఉంచి, 18 మందితో బ్రౌన్ బయల్దేరాడు. టెలిగ్రాఫ్ తీగలు కోశారు. రైలు వంతెన, ప్రభుత్వ ఆయుధ కర్మాగారం, షెనండోవా ఒడ్డున అర మైలు ఎగువనున్న రైఫిళ్ల కర్మాగారం చేతికొచ్చాయి. సోమవారం మధ్యాహ్నానికి దారులు మూసుకుపోయాయి. మంగళవారం పొద్దున రాబర్ట్ ఇ. లీ ఆధ్వర్యంలో మెరీన్లు నిచ్చెనతో తలుపు బద్దలుకొట్టారు. బ్రౌన్‌తో కలిపి మొత్తం 22 మందిలో పదిమంది పోరులో పోయారు, ఏడుగురు ఉరికంబమెక్కారు, అయిదుగురు తప్పించుకున్నారు. 22 మందిలో నల్లవాళ్లు అయిదుగురు: డేంజర్‌ఫీల్డ్ న్యూబీ, లూయిస్ లియరీ, జాన్ కోప్‌ల్యాండ్, షీల్డ్స్ గ్రీన్, ఆస్‌బోర్న్ పెర్రీ ఆండర్సన్. మిగిలింది ఆండర్సన్.

ఆండర్సన్ పెన్సిల్వేనియాలో స్వేచ్ఛాపరుడిగానే పుట్టాడు. కెనడాలోని చాతమ్‌లో, మేరీ యాన్ షాడ్ కేరీ నడిపిన పత్రికలో అచ్చుపని చేశాడు. 1858 మే నెలలో బ్రౌన్ అక్కడ పెట్టిన రహస్య సమావేశంలో కూర్చున్నాడు. దాడి జరిగిన రెండేళ్లలోపే, 1861లో, బోస్టన్‌లో తన పేరుమీదే 72 పేజీల చిన్న పుస్తకం వేయించాడు: 'ఎ వాయిస్ ఫ్రమ్ హార్పర్స్ ఫెర్రీ'. తుది ప్రతి దిద్దడంలో షాడ్ కేరీ చేయి వేసింది.

ఇక అవతలి పక్షం. అలెగ్జాండర్ బోటెలర్ ఆ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడు, తర్వాత అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ కాంగ్రెస్‌లోనూ కూర్చున్నాడు, దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ సిబ్బందిలోనూ పనిచేశాడు. 1883లో సెంచరీ మాసపత్రికలో తన జ్ఞాపకాలు రాశాడు. ఆయుధ కర్మాగారంలో జీతాల గుమాస్తా జాన్ డేంజర్‌ఫీల్డ్, ఫైరింజన్ గదిలో బందీ, 1885లో అదే పత్రికలో రాశాడు. తలుపు పగలగొట్టి ముందుగా లోపలికి దూకిన మెరీన్ లెఫ్టినెంట్ ఇజ్రాయెల్ గ్రీన్ కూడా 1885లోనే మరో పత్రికలో రాశాడు. అతనూ యుద్ధంలో దక్షిణాది కొలువులో చేరినవాడే. తొందరలో యుద్ధఖడ్గం బదులు కవాతు కత్తి కట్టుకొచ్చానని, బ్రౌన్‌ను పొడిస్తే అది వంగిపోయిందని చెప్పింది ఇతనే. బ్రౌన్ బతికి కోర్టులో నిలబడి మాట్లాడగలిగాడంటే ఆ వంగిన కత్తి పుణ్యమే.

వీళ్లు అబద్ధాలకోరులని నేననడం లేదు. డేంజర్‌ఫీల్డ్ కథనం చాలాచోట్ల నిజాయతీగా ఉంటుంది, బ్రౌన్ బందీలతో మర్యాదగా మెలిగాడని ఒప్పుకుంటాడు. కానీ సాక్ష్యాన్ని తూచేటప్పుడు ముందు చూడాల్సింది మనిషి మంచివాడా కాదా అని కాదు, ఎక్కడ నిలబడి చూశాడు అని. ఆ కట్టడం కొలతలు చూడండి: పొడవు ముప్పై అయిదున్నర అడుగులు, వెడల్పు ఇరవై నాలుగు. మధ్యలో గోడ, ఒక పక్క కాపలావాళ్ల గది, మరోపక్క రెండు ఫైరింజన్లు నిలిపే చోటు. బందీల్లో ముఖ్యులనుకున్న పదిమంది దాకా ఏరి బ్రౌన్ ఇంజన్ల గదిలోకి మార్చాడు. మిగతావాళ్లు కాపలా గదిలో ఉండిపోయి, సోమవారం మధ్యాహ్నం దాటాక మార్టిన్స్‌బర్గ్ నుంచి వచ్చిన రైల్వే మనుషుల దాడిలో బయటపడ్డారు. అంటే ఇంజన్ల గదిలోని బందీకి కనబడింది నాలుగు గోడలు, బరువైన తలుపుల సందు. అర మైలు అవతల రైఫిళ్ల కర్మాగారంలో బానిసలేం చేశారో, నది దాటి మేరీలాండ్ వైపు బళ్లమీద ఆయుధాలు మోసినవాళ్లేం చేశారో అతనికి కనబడే అవకాశమే లేదు.

లీ సంగతి ఇంకా తేట. అక్టోబరు 19న పైఅధికారులకు పంపిన నివేదికలో, బ్రౌన్ బలవంతంగా ఇళ్లనుంచి లాక్కొచ్చిన నల్లవాళ్లు తనకు తెలిసినంతవరకు అతనికి ఇష్టపూర్వకంగా ఏ సాయమూ చేయలేదని రాశాడు. 'తనకు తెలిసినంతవరకు' అన్న మాట లీదే. జాగ్రత్తపరుడు కాబట్టి రాశాడు. సోమవారం రాత్రి వచ్చినవాడికి సోమవారం పగటి సంగతులు ఎవరు చెప్పి ఉంటారు? చుట్టూ చేరిన యజమానులు, మిలీషియా (స్థానిక పౌరసేన) అధికారులు. తర్వాత ఈ నివేదికను ఎత్తిరాసినవాళ్లు వాక్యాన్ని తీసుకున్నారు, ఆ జాగ్రత్తను వదిలేశారు.

అసలు మంగళవారం పొద్దున ఆ ఊళ్లో దొరికిన ఒక బానిస పరిస్థితి ఊహించుకోండి. ముందురోజు చేతిలో బల్లెం ఉంది. ఇవాళ వీధిలో తాగి తిరుగుతున్న సాయుధ గుంపులున్నాయి. న్యూబీ శవానికి చెవులు కోసిన గుంపులవి, చేతికి చిక్కిన విలియం థాంప్సన్ అనే బ్రౌన్ మనిషిని వంతెన మీద కాల్చి నదిలోకి తోసిన గుంపులవి. 'నువ్వెందుకు వచ్చావురా?' అని యజమాని అడుగుతాడు. దానికి ప్రాణం నిలిపే జవాబు ఒక్కటే ఉంది: 'వాళ్లే బెదిరించి లాక్కొచ్చారు దొరా.' ఆ మాట నిజమో కాదో తేల్చే దారి లేదు, ఎందుకంటే వేరే జవాబు చెప్పినవాడు బతకడు. జవాబు మార్చి చెప్పే వీలే లేనిచోట చెప్పిన జవాబును సాక్ష్యంగా తీసుకోవడం ఏ తర్కం?

యజమానికీ ఆ జవాబే కావాలి. తన మనిషి తిరగబడ్డాడని ఒప్పుకుంటే వాడిని విచారణకు అప్పగించాలి, కాదంటే ఊళ్లో ఉంచనివ్వరు, దూర దక్షిణానికి వచ్చినకాడికి అమ్ముకోవాలి. వర్జీనియాలో మరణశిక్ష పడ్డ బానిసకు వెల కట్టి యజమానికి ఖజానా నుంచి సొమ్మిచ్చే చట్టం ఉండేది. బానిస ప్రాణం అక్కడ పద్దు పుస్తకంలో ఒక వరుస. ఆ పద్దు చెదరకుండా ఉండాలంటే 'బలవంతంగా తెచ్చారు' అనే మాట అందరికీ సౌకర్యం. బానిసకు మెడ దక్కుతుంది, దొరకు ఆస్తి దక్కుతుంది, గవర్నర్ వైజ్‌కు 'మన బానిసలు సుఖంగా ఉన్నారు' అని ఉత్తరాది మీద విసరడానికి ఒక ముక్క దొరుకుతుంది. ముగ్గురికీ గిట్టుబాటైన మాట చరిత్రలోకి ఎంత సులువుగా ఎక్కుతుందో చెప్పాలా?

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది కోర్టు. బ్రౌన్ మీద వర్జీనియా రాష్ట్రానికి ద్రోహం చేశాడన్న నేరం మోపారు, రుజువైందన్నారు. అదే నేరం షీల్డ్స్ గ్రీన్, కోప్‌ల్యాండ్‌ల మీద మోపితే డిఫెన్స్ లాయర్ లేచి, 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పు ప్రకారం నల్లవాడు పౌరుడే కాడు, పౌరుడు కానివాడికి రాజభక్తి బాధ్యత లేదు, లేని భక్తికి ద్రోహమెలా చేస్తాడని వాదించాడు. రాజద్రోహ అభియోగం పడిపోయింది. హత్య, బానిసల తిరుగుబాటు రెచ్చగొట్టడం అనే నేరాలు మిగిలాయి, డిసెంబరు 16న ఉరి ఎలాగూ తీశారు. నల్లవాడికి భక్తి బాధ్యత లేదని చట్టం ఒప్పుకున్న అదే నెలల్లో, నల్లవాళ్లంతా భక్తితో యజమానుల వెంట నిలబడ్డారని అదే రాష్ట్రపు పత్రికలు రాశాయి. ఆ కాలపు వర్జీనియా కోర్టుల్లో తెల్లవాడికి వ్యతిరేకంగా నల్లవాడు సాక్ష్యం చెప్పే వీలే లేదు. ఇక సెనేట్ వేసిన విచారణ సంఘానికి అధ్యక్షుడు జేమ్స్ మేసన్, 1850 నాటి పారిపోయిన బానిసల చట్టం రాసిన మనిషి. పక్కన సభ్యుడు, తర్వాత దక్షిణాది కాన్ఫెడరేట్‌లకు అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్. 1860 జూన్‌లో వాళ్లిచ్చిన నివేదికలో యజమానులున్నారు, డాక్టర్లున్నారు, బోస్టన్ పెద్దమనుషులున్నారు. బానిసలేం చేశారో తేల్చిన ఆ విచారణలో బానిసను పిలిచి అడిగింది లేదు.

అంత జాగ్రత్తగా అల్లిన ఆ నివేదికలోనే దారాలు ఊడిపోయిన చోట్లున్నాయి. జాన్ ఆల్‌స్టాడ్ అనే రైతు, బందీ, స్వయంగా చెప్పిన సంగతి: ఇంజన్ల గది గోడకు తుపాకీ పెట్టడానికి కన్నాలు కావాల్సి వచ్చినప్పుడు వాటిని పొడిచింది తన బానిస ఫిల్. కండపుష్టి ఉన్నవాడివి, నువ్వు పొడవగలవా అని బ్రౌన్ అడిగితే ఫిల్ పని మొదలుపెట్టాడు. ఇటుక గోడకు కన్నం వేయడం ఒక్క దెబ్బతో అయ్యేది కాదు, చాలాసేపు పడుతుంది, బయటినుంచి తూటాలు వస్తుంటాయి. ఆ ఫిల్ తర్వాత చార్లెస్ టౌన్ జైల్లో చనిపోయాడు. బలవంతంగా తెచ్చిన అమాయకుణ్ని జైల్లో ఎందుకు పెట్టారు? బ్రౌన్ మనుషులు రాత్రి ఇంటికెళ్లి బందీగా తెచ్చిన కల్నల్ లూయిస్ వాషింగ్టన్ దగ్గర బండి తోలే జిమ్ రైఫిళ్ల కర్మాగారం వైపు ఉన్నాడు. మిలీషియా ఆ చోటిని చుట్టుముట్టినప్పుడు బ్రౌన్ మనుషులు నదిలోకి దూకారు. వాళ్లలో కాగీ అక్కడే చనిపోయాడు, లియరీ గాయాలతో పోయాడు, కోప్‌ల్యాండ్ దొరికాడు. జిమ్ నీళ్లలో మునిగి చనిపోయాడు. విడిపించడానికి వచ్చిన దొరల వైపు పరిగెత్తకుండా నీళ్ల వైపు ఎందుకెళ్లాడు?

ఆండర్సన్ చెప్పేది వీటన్నిటికీ సరిగ్గా అతుకుతుంది. రాత్రి వాషింగ్టన్ ఇంటికెళ్లిన ఆరుగురిలో అతనొకడు. జార్జ్ వాషింగ్టన్ వంశంలోని ఆ కల్నల్ ఇంట్లో ఉన్న పేరుమోసిన ఖడ్గాన్ని నల్లవాడి చేతికే అప్పగించాలని బ్రౌన్ పెట్టిన షరతు, దాన్ని అందుకున్నది తానేనని ఆండర్సన్ రాశాడు. దారిలో సంగతి తెలిసిన బానిసల ముఖాల్లో సంతోషం చూశానన్నాడు. ఫెర్రీకి వచ్చినవాళ్లలో కొందర్ని సామాను తరలించడానికి పంపారు, మిగతావాళ్లకు బల్లేలిచ్చి బందీలకు కాపలా పెట్టారు. వాషింగ్టన్ ఇంట్లో దొరికిన జోడుగొట్టాల తుపాకీని ఒక ముసలి బానిసకిస్తే, ఆగమంటే ఆగని ఒక ఊరివాణ్ని అతను కాల్చేశాడనీ చెప్పాడు. ఆ ముసలివాడి పేరు చెప్పలేదు. ఇక్కడే విమర్శకులు 'పేర్లేవి?' అంటారు. 1861లో ఆ మనుషులు ఇంకా జెఫర్సన్ కౌంటీలో అదే యజమానుల చేతికింద ఉన్నారు. అచ్చుపనివాడైన ఆండర్సన్‌కు అచ్చులో పడ్డ పేరు ఎవరి కంట పడుతుందో తెలియదా? బోటెలర్ 1883లో రాసేనాటికి అతను కాపాడాల్సిన ప్రాణం ఒక్కటీ లేదు, కాపాడాల్సింది ఓడిపోయిన పక్షం పరువు మాత్రమే.

ఆండర్సన్ మీద ఉన్న అభ్యంతరాల్లో ఒకటి నిజంగా బలమైనది. మంగళవారం పొద్దున మెరీన్ల దాడి దాకా తాను, ఆల్బర్ట్ హాజ్‌లెట్ ఆయుధాగారంలోనే ఉన్నట్టు అతను రాశాడు. ఇద్దరూ సోమవారమే జారుకుని ఉండాలని చరిత్రకారులు చాలామంది లెక్కగట్టారు, ఆ లెక్క నాకూ సరైనదే అనిపిస్తుంది. సహచరులు చచ్చిపోతుంటే ముందురోజే వెళ్లిపోయానని రాయడానికి మనసొప్పక ఒక రాత్రి జరిపి ఉంటాడు. అతను బానిసత్వ వ్యతిరేకుల కోసం రాశాడు, వాళ్లకు నచ్చేలా రాశాడన్నదీ కాదనలేం. బానిసత్వం నుంచి తప్పించుకుని దానిమీదే పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ అంతటివాడే ఆగస్టులో చాంబర్స్‌బర్గ్ రాతిగనిలో బ్రౌన్‌ను కలిసి, అది ఉక్కు బోను, వెళ్తే తిరిగి రావని చెప్పి వెనుదిరిగాడు. ఫెర్రీలో మొదట చనిపోయింది హేవర్డ్ షెపర్డ్ అనే నల్లజాతి రైల్వే కూలీ, కాల్చింది బ్రౌన్ మనుషులే. ఇవన్నీ నిజాలు. అయితే ఒక రాత్రి లెక్క తప్పినందుకు ఆండర్సన్ పుస్తకం మొత్తాన్ని పక్కన పెట్టేవాళ్లు, పాతికేళ్ల తర్వాత రాసిన ఇజ్రాయెల్ గ్రీన్, బోటెలర్‌లకు అదే తక్కెడ వాడరేం?

'కదల్లేదు' అనేవాళ్లు ఎప్పుడూ వేయని లెక్క ఒకటుంది. బ్రౌన్ ఊళ్లోకి వచ్చింది ఆదివారం రాత్రి పదిన్నర ప్రాంతంలో. వాషింగ్టన్, ఆల్‌స్టాడ్ ఇళ్లనుంచి బానిసలతో బళ్లు తిరిగొచ్చింది తెల్లవారుజామున. చార్లెస్ టౌన్ నుంచి జెఫర్సన్ గార్డ్స్ అనే మిలీషియా దళం వచ్చి పొటోమాక్ వంతెనను లాక్కున్నది మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో. అంటే చుట్టుపక్కల బానిసలకు సంగతి తెలిసి, నమ్మి, పెళ్లాంబిడ్డల్ని వదిలి బయల్దేరి రావడానికి ఉన్న సమయం ఏడెనిమిది గంటలు. వెళ్లి చెప్పింది రెండు ఇళ్లకు. బానిస రోడ్డెక్కాలంటే యజమాని రాసిచ్చిన చీటీ ఉండాలి. మరి అవతలి పక్షానికి? రాత్రి ఆపిన రైలును తెల్లవారుజామున బ్రౌనే వదిలేశాడు. పొద్దున 7.05కు కండక్టర్ ఫెల్ప్స్ మొనాకసీ స్టేషన్ నుంచి తంతి కొట్టాడు. దాడికొచ్చింది నూట యాభై మంది అన్నాడు. బాల్టిమోర్‌లోని రైల్వే అధికారి మొదట నమ్మలేదు, ఆవేశంలో కొట్టిన తంతిలా ఉందన్నాడు. అయినా మధ్యాహ్నానికి మిలీషియాలు, రాత్రికి వాషింగ్టన్ నగరం నుంచి మెరీన్లు రైలెక్కి దిగారు. ఒక పక్క తంతి, రైలు. ఇంకో పక్క కాలినడకన, చీటీ లేకుండా, చెవిలో చెప్పుకునే మాట. ఈ పందెంలో రెండోవాళ్లు మధ్యాహ్నంలోపు గమ్యం చేరలేదని తీర్పు చెప్పడం న్యాయమా?

దానికి తోడు ఆయుధాలు నదికి అవతల ఉండిపోయాయి. బానిసల కోసం బ్రౌన్ ప్రత్యేకంగా చేయించినవి బల్లేలు. తుపాకీ ఎప్పుడూ పట్టనివాడి చేతిలోనూ అవి పనికొస్తాయని అతని లెక్క. కాన్సాస్ పోరులో ఒక శత్రువు దగ్గర లాక్కున్న బాకు నమూనాగా ఇచ్చి, కనెక్టికట్‌లోని కొల్లిన్స్‌విల్‌లో చార్లెస్ బ్లెయిర్ అనే కమ్మరితో 1857లో డాలరుకొకటి చొప్పున వెయ్యి చేయించడానికి బేరం కుదుర్చుకున్నాడు. ఆరడుగుల కర్ర, చివర బాకు ఆకారపు అలుగు. దాదాపు 950 బల్లేలు, 198 షార్ప్స్ కార్బైన్లు కెనెడీ పొలానికి చేరాయి. దాడి రాత్రి అక్కడే ఉండిపోయాయి. తెల్లవారాక వాషింగ్టన్ బండినే కట్టించి, బ్రౌన్ మనుషులు కుక్, టిడ్ విడుదలైన బానిసలతో కలిసి వాటిని ఫెర్రీకి మైలు దూరంలో ఉన్న బడి దాకా తేవడం మొదలుపెట్టారు. బండి ఒకటి, పొలం నుంచి బడికి ఎగుడుదిగుడు దారి, ఒక విడత సామాను దించేసరికే పొద్దెక్కింది. మధ్యాహ్నం వంతెన పోయింది. అంతే, ఆయుధాలు ఒక ఒడ్డున, బ్రౌన్ ఇంకో ఒడ్డున. బానిసల సమ్మతిని పరీక్షించే ఏర్పాటు మొదలవకముందే కూలిపోయింది. దళంలో రెండోవాడైన కాగీ, వంతెన ఉండగానే బయల్దేరదామని రైఫిళ్ల కర్మాగారం నుంచి పదేపదే కబురు పెట్టాడు. బ్రౌన్ వినలేదు. తిండి కూడా వెంట తెచ్చుకోని ఈ దళానికి, బందీలకు కలిపి వాగర్ హౌస్ హోటల్ నుంచి 45 ఫలహారాలు తెప్పించాల్సి వచ్చింది. ఓటమికి కారణాలు వెతకాలంటే ఈ బండి, ఈ వంతెన, ఈ ఆలస్యం చాలు. బానిసల గుండెల్లోకి తొంగిచూడనక్కర్లేదు.

బానిసలు కదల్లేదని నిజంగా నమ్మిన సమాజం ఎలా ప్రవర్తించాలి? నిశ్చింతగా నిద్రపోవాలి. వర్జీనియా భూస్వామి ఎడ్మండ్ రఫిన్ ఆ బల్లేల్లో కొన్ని సంపాదించి, ఉత్తరాది సోదరులు మనకోసం సిద్ధంచేసిన కానుకల నమూనా అని చీటీ అంటించి బానిస రాష్ట్రాల గవర్నర్లకు ఒక్కొక్కటి పంపాడు. విచారణ ముగిసిన వారాల్లో చార్లెస్ టౌన్ చుట్టుపక్కల రాత్రిళ్లు గడ్డివాములు, ధాన్యపు కొట్టాలు తగలబడ్డాయి. బ్రౌన్‌కు శిక్ష వేసిన జూరీ సభ్యుల ఆస్తులూ వాటిలో ఉన్నాయి. కదలని బానిసల ఊళ్లో ఆ నిప్పెవరు పెట్టారో ఆనాటి యజమానులకు అనుమానం లేదు.

ఇక్కడ ఫెర్రీ దాటి కొంచెం పక్కకు వెళ్లాలి, ఎందుకంటే అసలు జబ్బు 1859లో లేదు, 1880లలో ఉంది. బోటెలర్, డేంజర్‌ఫీల్డ్ జ్ఞాపకాలను ఎవరు వేశారు? న్యూయార్క్‌లోని సెంచరీ పత్రిక. అప్పుడే ఆ పత్రిక అంతర్యుద్ధపు సేనానుల జ్ఞాపకాలను వరసగా వేసి అమ్మకాలు అమాంతం పెంచుకుంది. ఉత్తరాది జనరల్ ఒకడు, దక్షిణాది జనరల్ ఒకడు, ఇద్దరూ వీరులే, ఇద్దరూ పెద్దమనుషులే. పాఠకులకు ఆ రాజీ నచ్చింది. యుద్ధమెందుకు వచ్చిందనే ప్రశ్న అడిగితే రాజీ చెడుతుంది కాబట్టి అది అడగరు. నల్ల సైనికుడి జ్ఞాపకానికి ఆ సంతలో గిరాకీ లేదు. ఆండర్సన్ అప్పటికే 1872 డిసెంబరులో వాషింగ్టన్ నగరంలో క్షయతో చనిపోయాడు. 'ప్రత్యక్ష సాక్షి' అనే గౌరవం చూసినదాన్ని బట్టి రాలేదు, అచ్చువేసే యంత్రం ఎవరి చేతిలో ఉందో దాన్నిబట్టి వచ్చింది. కొండప్రజల తిరుగుబాట్లను మద్రాసు ప్రభుత్వ దస్తరాలు 'పితూరీ' అని నమోదు చేశాయి. ఆ మాట తెలుగులో ఇవాళ చాడీ చెప్పడానికి పర్యాయపదమై కూర్చుంది. దస్తరం రాసేవాడి చేతికి అంత బలముంటుంది.

1909లో నల్లజాతి చరిత్రకారుడు డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ బ్రౌన్ జీవితం రాస్తూ నల్లవాళ్ల పాత్రను ముందుకు తెచ్చాడు. మరుసటేడు ఆస్వాల్డ్ గారిసన్ విలార్డ్ భారీ జీవిత చరిత్ర వచ్చింది. విలార్డ్ తన పుస్తకం రాకముందే డుబోయిస్ పుస్తకాన్ని నేషన్ పత్రికలో పేరు వేసుకోకుండా చీల్చి చెండాడాడు. డుబోయిస్ జవాబు పంపితే వేయలేదు. ఇద్దరూ కలిసి జాతీయ నల్లజాతి సంఘం ఎన్‌ఏఏసీపీకి పునాది వేస్తున్న ఏడాది అది! విలార్డ్ కోసం ఊరూరూ తిరిగి బతికున్న సాక్షుల జ్ఞాపకాలు సేకరించింది క్యాథరిన్ మేయో. అవును, 1927లో 'మదర్ ఇండియా' రాసి, గాంధీ చేత మురుగుకాలవల తనిఖీదారు నివేదిక అనిపించుకున్న మేయోనే. ఆమె సేకరణ లేకపోతే బ్రౌన్ కూతురు యానీ చెప్పిన కెనెడీ పొలం సంగతులు మనకు దక్కేవి కావు, ఆ రుణం ఒప్పుకోవాలి. కానీ ఎవరి గడప తొక్కాలో, ఎవరి మాట రాసుకోవాలో నిర్ణయించేది సేకరించేవాళ్లే. భారతదేశంలో అది ఎలా పనిచేసిందో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ అల్లిక రాతిలోకెక్కింది 1931లో. దక్షిణాది సైనికుల వారసుల సంఘాలు హార్పర్స్ ఫెర్రీలో హేవర్డ్ షెపర్డ్ పేర శిల నిలబెట్టాయి. యుద్ధకాలంలో ప్రలోభాలకు లొంగక విశ్వాసంగా ఉన్న వేలాది నల్లవాళ్లకు అతను ప్రతీక అని దానిమీద చెక్కారు. విశ్వాసపాత్రుడైన బానిస స్మారకమని జనం పిలిచారు. షెపర్డ్ బానిసే కాడు. జీతానికి పనిచేసే స్వేచ్ఛాపరుడు. ఆ రాత్రి కనబడకుండా పోయిన వంతెన కాపలాదారును వెతుక్కుంటూ చీకట్లోకి వెళ్లి తూటా తిన్నాడు. ఎవరికీ విశ్వాసం ప్రకటించడానికి వెళ్లలేదు. ఆవిష్కరణ సభలోనే ఊళ్లోని నల్లవాళ్ల కాలేజీ అయిన స్టోరర్ కాలేజీ సంగీత అధ్యాపకురాలు పెర్ల్ టాటెన్ లేచి అభ్యంతరం చెప్పింది. మరుసటేడు డుబోయిస్ రాసిన ఫలకాన్ని ఎన్‌ఏఏసీపీ తెస్తే పెట్టనివ్వలేదు. అది ఊళ్లో నిలబడింది 2006లో.

బ్రౌన్ కోట అని ఇవాళ మనం ఫొటో దిగే గది కూడా చాలా ఊళ్లు తిరిగొచ్చింది. 1890లలో ఇటుక ఇటుకగా విప్పి షికాగో ప్రదర్శనకు తీసుకెళ్లారు, టికెట్టు కొన్నవాళ్లు పదకొండుమంది. తెచ్చి ఒక పొలంలో కట్టారు, తర్వాత కాలేజీ ఆవరణలోకి, 1968లో నది దగ్గరికి మార్చారు. తిరిగి కట్టడంలో ఎడమ కుడిగా మారిపోయింది. ఫిల్ పొడిచిన కన్నాలెక్కడున్నాయని ఇప్పుడు ఆ గోడల్లో వెతికి లాభం లేదు.

ఆండర్సన్‌ను పాతిపెట్టింది వాషింగ్టన్ నగరంలోని కొలంబియన్ హార్మొనీ అనే నల్లవాళ్ల శ్మశానంలో. 1960లో ఆ స్థలం అమ్మేశారు. దాదాపు 37 వేలమంది అవశేషాలను మేరీలాండ్‌కు తరలించారు, సమాధి రాళ్లను తరలించలేదు. ఆ చోట ఇప్పుడు రోడ్ ఐలాండ్ అవెన్యూ మెట్రో స్టేషన్ ఉంది. రాళ్లలో చాలావాటిని ఒడ్డు కోసుకుపోకుండా వర్జీనియాలో పొటోమాక్ గట్టుకు అడ్డంగా పడేశారు. హార్పర్స్ ఫెర్రీ దగ్గర షెపర్డ్ పేరున్న శిల మాత్రం అదే నదికి ఎగువన, పెట్టిన ఊళ్లోనే ఉంది.